ఆరు శుక్రవారాలు

గరిడీ కదిరప్పను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు తొడుక్కునేవాడు. జవాబు తన నోట్లో ఉండదని, ఊళ్ళో ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. అక్కడిదాకా నడిపించుకుపోయి చూపించేవాడు. ఎండలో నడవడం ఇష్టం లేని శిష్యులు ప్రశ్నలు తగ్గించుకున్నారు. ఎర్రకనుమ కోట సైన్యాన్ని ముప్పై ఏళ్ళు నడిపి, తరువాత గరిడీలో కత్తిసాము నేర్పుతూ ముసలివాడైన మనిషి ఆయన. యుద్ధం గురించి అందంగా మాట్లాడేవాళ్ళంటే ఆయనకు గిట్టదు. నాకూ గిట్టదు.

ఒక శుక్రవారం ఉదయం ఆయన పాత శిష్యుడు సింగమనాయుడు వచ్చాడు. నాయుడు అప్పుడు కోటకు దళవాయి, సైన్యమంతటికీ పెద్ద. నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆరు వారాల కిందట సంత మధ్యలో, మిరపకాయల వరుసలో, నల్ల గొంగడి కప్పుకున్న మనిషొకడు తుపాకిమందు కూరిన కుండ పెట్టి పోయాడు. పదకొండుమంది చనిపోయారు. కనుమ అవతలి పాలెగాడు ఎదురుపడి గెలవలేక ఈ దారి పట్టాడని అందరికీ తెలుసు. మరునాడే నాయుడు సంత మూయించాడు. గొంగడి కప్పుకున్నవాణ్ణి కోటగుమ్మం దాటనివ్వొద్దన్నాడు. కనుమలో కాపున్న సిపాయిలందరినీ దించి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగాయని ఊళ్ళో అనుకున్నారు. అతడికి వినపడేటట్టు మాత్రం ఎవరూ అనలేదు.

"అయ్యవారూ, ఎదురుగా నిలబడే సైన్యమైతే నేను చూసుకుంటాను. బేరమాడే జనంలో కలిసి వచ్చేవాణ్ణి ఎట్లా గెలవాలి? మళ్ళీ చేస్తారని వేగు వచ్చింది. సంత తెరిస్తే, తెరవమన్న నా మాట మీద జనం చస్తారు. ఏడాదిపాటు మూసే ఉంచమని కోట దొరకు చెబుదామనుకుంటున్నా. మీరేమంటారు?"

కదిరప్ప చెప్పులు తొడుక్కున్నాడు. "సంతకు పోదాం రా."

"సంత లేదు కదా. మూయించింది నేనే."

ముసలాయన అప్పటికే వీధిలోకి దిగాడు. నాయుడు వెనకాలే నడిచాడు.

సంతమైదానం బోసిగా ఉంది. మధ్యలో, నేల ఇంకా నల్లగా ఉన్నచోట, సుంకమ్మ అనే ముసలామె గోనె పరిచి ఎండుమిరపకాయలు పోసుకుని కూర్చుంది. ఇద్దరు సిపాయిలు దూరంగా నిలబడి ఉన్నారు. లెమ్మని చెప్పి చూశారట. ఆమె తిట్లకు తట్టుకోలేక వెనక్కి తగ్గారట. దళవాయిని చూడగానే వాళ్ళ ప్రాణం లేచివచ్చింది.

"అవ్వా, సంత లేదని దండోరా వేయించినాం కదా," అన్నాడు నాయుడు.

"వినపడింది నాయనా. ఈ పొద్దు శుక్రవారం. శుక్రవారం సంత. మా అవ్వ కాలం నుంచీ అంతే."

"మళ్ళీ పేలితే? నీకేమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

సుంకమ్మ మిరపకాయలు సర్దడం ఆపింది. "నా కొడుకు ఈడనే పోయినాడు. ఇదిగో, నేను కుచ్చున్న తావులోనే. భయం లేక వచ్చినాననుకుంటివా? కాళ్ళు వణకతాండాయి నాకు. అయినా వచ్చినా." ఆమె నాయుడి కళ్ళలోకి చూసింది. "ఆ కుండ పెట్టినోడు ఒక్క శుక్రవారం చెరిపినాడు. నువ్వు ఆరు శుక్రవారాలు చెరిపితివి. వాళ్ళ జీతమేమన్నా తింటాండావా?"

సిపాయిలు నేల చూపులు చూశారు. పాలెగాడి ముందు కూడా తల వంచని నాయుడికి ముఖం కందగడ్డ అయింది. కోపమో సిగ్గో అతడికే తెలియలేదు. చివరికి, "గొంగడి కప్పుకున్నవాణ్ణి నేనెట్లా గుర్తుపట్టాలి? కొండమీద వెయ్యి గొంగళ్ళున్నాయి," అన్నాడు.

"వాణ్ణి పట్టుకోమంటే గొంగళ్ళను పట్టుకుంటివి. పో, ఆ గుమ్మం బయట బీరప్ప నిలబడి ఉండాడు, వాణ్ణి అడుగు పో."

ఎర్రకనుమలో పాత ఆచారం ఒకటుంది. కొండమీద మందలు తోలే కురుబలు సంతకు దిగినప్పుడు, మొదట కోటగుమ్మం దగ్గర ఆగి ఆ వారం కొండలో చూసినదంతా కాపలావాళ్ళకు చెప్పేవారు. చిరుత ఎటు తిరిగింది, ఏ బాటలో కొత్త అడుగులు పడ్డాయి, అన్నీ. దాన్ని కొండ కబురు అనేవారు. అది చెప్పాకే ఉన్ని మూటలు లోపలికి మోసేవారు. నాయుడి ఆజ్ఞతో గొంగళ్ళు ఆగాయి, వాటితో పాటు కబురూ ఆగింది. ఆగిందన్న సంగతి దళవాయికి తట్టనేలేదు.

నాయుడు వెళ్ళేసరికి కురుబల పెద్ద బీరప్ప గుమ్మం బయట, మండే ఎండలో, గొంగడి కప్పుకునే నిలబడి ఉన్నాడు. అది తీస్తే లోపలికి రానిస్తామని సిపాయిలు చెబుతున్నారు. అతడు తీయడం లేదు.

"తీస్తే ఏం పోతుంది బీరప్పా?" అని అడిగాడు నాయుడు.

"నా తండ్రిని పూడ్చేటప్పుడు గూడా గొంగడి తీయలేదు సామీ. దొంగను గానని చూపించేదానికి తీయాల్నా? తీయను." అతడు ఊపిరి పీల్చుకున్నాడు. "కోతిగుండు వెనక రెండు వారాలనుంచి పొగ లేస్తాండాది. ఆడ మా మందలేవీ లేవు. పోయిన శుక్రవారమూ చెప్దామని వచ్చినా. తీసేసి మాట్లాడమనిరి. ఇంటికి పోయినా."

నాయుడు దేశమంతా వేగులను పంపి వెతికించిన శత్రువు జాడ, రెండు శుక్రవారాలు అతడి గుమ్మం బయటే నిలబడి ఉంది. అతడు బీరప్ప చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువచ్చి, గుమ్మం అరుగు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా సిపాయిలు కనుమకు తిరిగి వెళ్ళారు. మూడో రోజున, కురుబలు దారి చూపగా, కోతిగుండు వెనక ఆరుగురిని, తొమ్మిది మందుకుండలను పట్టుకున్నారు. ఇద్దరు తప్పించుకున్నారు.

తరువాతి శుక్రవారానికి సంత అని దండోరా వేశారు. వచ్చినవాళ్ళు తక్కువే, వచ్చినవాళ్ళూ పిల్లలను ఇంట్లో వదిలి వచ్చారు. నాయుడు కవచం లేకుండా, భార్యను వెంటబెట్టుకుని మిరపకాయల వరుసలోకి నడిచాడు. అప్పుడే కుమ్మరి చేతిలోంచి ఒక కుండ జారి భళ్ళున పగిలింది. సంతంతా బిగుసుకుపోయింది. దళవాయి చెయ్యి కత్తి మీదికి పోయింది. ఎవరూ పరుగెత్తలేదు.

"కుండే," అంది సుంకమ్మ, ఆగిన తక్కెడను మళ్ళీ ఎత్తుతూ. బేరాలు మొదలయ్యాయి.

నాయుడు, వరుస చివర నిలబడి ఉన్న గురువు పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "ఇద్దరు తప్పించుకున్నారు. మళ్ళీ వస్తారు కదా అయ్యవారూ?"

"వస్తారు," అన్నాడు కదిరప్ప. "వచ్చినప్పుడు వాళ్ళకు సంత కనబడాలి."