నూరు కొత్త తప్పులు

మా వీరభద్రం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి ప్రశ్న గుర్తుంటే గొప్పే. ఆయన ఒక సర్కారు కార్యాలయంలో పాతికేళ్ళు కంప్యూటర్ల మధ్య గడిపి, పదవీ విరమణ తరువాత రాజమండ్రిలో ఒక మేడ మీది గదిలో ఆదివారాలు ప్రోగ్రాములు రాయడం నేర్పేవారు. శిష్యులం పదిమందిమి. అందరిలోకీ ఎక్కువ మాట్లాడేవాణ్ణి నేను, అసలు మాట్లాడనిది నూకరత్నం.

ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఊరు గోదావరి మధ్యనున్న తొగరలంక. ఏటిగట్టు మీద వరద కొలతలు తీసే చిన్న కార్యాలయంలో ఉద్యోగం. వరద రోజుల్లో అరగంటకోసారి నీటిమట్టం చూసి కంప్యూటరులో ఎక్కించాలి. మట్టం ప్రమాదపు గీత దాటితే అందులోని ప్రోగ్రాము లంకల్లో సైరన్లు మోగిస్తుంది. దాన్ని పన్నెండేళ్ళ కిందట చయనులుగారనే ఇంజినీరు సి భాషలో రాశారు. మహా మేధావి అని పేరు. ఆయన కాలం చేశాక దాన్ని తెరిచి చూసిన నాథుడు లేడు. ఏటా దసరాకి ఆ కంప్యూటరుకి బొట్టుపెట్టి, దండవేసి, ‘ముట్టరాదు’ అని కొత్త కాగితం అంటించేవారు. అర్థం కానిదానికి దణ్ణం పెట్టి తప్పుకోవడం మనకి కొత్త కాదు.

కిందటేడు ఆగస్టులో వరద వచ్చింది. గురువారం తెల్లవారుజామున సైరన్లు మోగాయి. లంకవాళ్ళు గట్టెక్కారు. శుక్రవారం మధ్యాహ్నం నీరు అంగుళం తీసిందో లేదో, సైరన్లు ఆగిపోయాయి. గండం గడిచిందనుకుని ఇద్దరు మనుషులు పశువుల్ని విప్పుకు రావడానికి పడవేసుకుని లంకలోకి వెళ్ళారు. సాయంత్రానికి నీరు మళ్ళీ పెరిగింది. సైరన్ పలకలేదు. వెళ్ళిన ఇద్దరూ తిరిగి రాలేదు. ఆ ఇద్దరిలో ఒకరు నూకరత్నం మేనమామ. తండ్రి లేని ఆ పిల్లని చదివించింది ఆయనే. వైర్లు తడిసి ఉంటాయని కార్యాలయంవాళ్ళు తేల్చారు. ఆవిడకి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. అందుకే సి నేర్చుకోవడానికి వచ్చింది. మళ్ళీ వరదలొచ్చేలోగా ఆ ప్రోగ్రాములో ఏముందో తన కళ్ళతో చూడాలని ఆవిడ పంతం.

పంతం ఉంది కానీ చెయ్యాడలేదు. ఆ భాష పేరు ఒక్క అక్షరం, భయం మాత్రం బారెడు. ఒక చుక్క మరిచిపోతే తెర నిండా తప్పులు చూపిస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవిడ మాస్టారు చెప్పిన ప్రతి ప్రోగ్రామునీ ముత్యాల్లాంటి అక్షరాలతో లాంగ్‌నోటుబుక్కులో ఎక్కించుకుంది. ఒక్కటీ కంప్యూటరులో కొట్టి చూడలేదు. నోటుబుక్కులో తప్పు రాసినా అది ఏమీ అనదు కదా. ఆ సంగతి తెలిసి నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే రోత.

మే నెల మొదటి ఆదివారం, పాఠం అయ్యాక, ఆవిడ లేచి నిలబడింది.

“మాస్టారూ, ఈ భాషంటే నాకు భయం పోవట్లేదండి. చయనులుగారి ప్రోగ్రాము తెరుద్దామని కూచుంటాను, మొదటి వరస కూడా చదవను. మూసేసి వచ్చేత్తాను. భయం పోవాలంటే ఏం చెయ్యాలండి?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ ప్రోగ్రాముకి నకలు తీసుకో. అసలు జోలికి వెళ్ళకు. నకలులో నూరు తప్పులు చేసి పట్టుకురా. చేసిన తప్పు మళ్ళీ చేస్తే లెక్కలోకి రాదు. ప్రతిదీ కొత్తదై ఉండాలి” అన్నారు.

తప్పులు చెయ్యమని చెప్పే గురువుని నేను అంతవరకు చూడలేదు. నూకరత్నమూ చూడలేదు కాబోలు. అయినా సరేనని తలూపింది.

మరుసటి ఆదివారానికి ముప్పై తప్పులు తెచ్చింది. చుక్క తీసేశాను, బ్రాకెట్టు మూయలేదు, పేరు తప్పు రాశాను, ఇలాంటివి. చదువుతూ మధ్యలో ఆగి, “ఒక్క చుక్క తీసేత్తే ఇరవై తప్పులని అరిచిందండి. చేసింది ఒకటే” అంది. కోప్పడే అత్తగారి గుట్టు తెలిసిన కోడలి నవ్వొకటి ఆవిడ ముఖంలో కనిపించింది. రెండో వారానికి పదిహేనే తెచ్చింది. మూడో వారం తొమ్మిది. తేలిక తప్పులు అయిపోయాయి. కొత్త తప్పు చెయ్యాలంటే, ఈ వరస ఏం పని చేస్తోంది, దేన్ని కదిపితే ఏది కూలుతుంది అని ముందు తెలియాలి. ఒక్క తప్పు కోసం ఆవిడ రెండేసి రోజులు కూర్చునేది. మాస్టారు ప్రతివారం విని, “ఊఁ” అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అది నాకు నిర్దయగానే తోచింది.

ఆ తొమ్మిదిలో ఒకటి ఆవిణ్ణి బెదరగొట్టింది. ఆరు అంకెలకి చోటు చెప్పి ఏడోది రాసిందట. ఎప్పుడూ అరిచే కంప్యూటరు ఈసారి కిక్కురుమనలేదు. ఏడో అంకెని తీసుకెళ్ళి, పక్క చోటులో ఉన్న అంకెని చెరిపి, అక్కడ రాసేసింది. “అరిచినప్పుడు బాగుందండి. ఊరుకుంటే భయమేసింది” అంది. మాస్టారు ఆ ఒక్కసారి మాత్రం తలెత్తి ఆవిడ వైపు చూశారు.

జూన్ రెండో ఆదివారం ఆవిడ నోటుబుక్కు లేకుండా వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“యాభై ఎనిమిదో తప్పు చెయ్యలేకపోయానండి” అంది. “చయనులుగారు అరవై కొలతలకి చోటు పెట్టారు. అరవై నిండాక మళ్ళీ మొదటినుంచి రాయాలి. అక్కడ అరవై ఒకటోది రాయించి చెడగొడదామని చూశాను. చెడగొట్టడానికేం లేదండి. అది ముందే అలా ఉంది.”

 ఆవిడే చెప్పుకొచ్చింది. అరగంటకొక కొలత చొప్పున అరవై కొలతలంటే ముప్పై గంటలు. అన్ని గంటల వరద ఆ ప్రోగ్రాము పెట్టాక అంతకుముందెప్పుడూ రాలేదు. అరవై ఒకటో కొలత పక్క చోటులో పడుతుంది. ఆ పక్క చోటులో ఉన్నది ప్రమాదపు గీత. ఆ గంటలో నీరు ఎంత ఎత్తున ఉందో, గీత అంత ఎత్తుకి పోయి కూర్చుంటుంది. నీరు అంగుళం తీసినా ప్రమాదం లేదని సైరన్ ఆగిపోతుంది. మళ్ళీ పెరిగినా, ఆ కొత్త గీత దాటేదాకా పలకదు.

“రిజిస్టరు తీసి కిందటేటి కొలతలన్నీ నకలుకి వరసగా ఇచ్చానండి. శుక్రవారం మధ్యాన్నం ఆగిపోయింది. ఆ వరస దిద్ది మళ్ళీ ఇచ్చాను.”  “ఆగలేదండి. శుక్రవారం అంతా మోగుతానే ఉంది. మా మావయ్య పడవెక్కేవాడు కాదు.”

ఆవిడ ఏడ్చింది. మాలో ఒకరు లేచి మంచినీళ్ళిచ్చారు. నాకు కూడా కళ్ళు నిండాయి, దాచుకోవలసిన సంగతేమీ కాదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, మాస్టారి వైపు తిరిగింది. “దిద్దిన ప్రోగ్రాము రేపు అసలు కంప్యూటరులో పెట్టమని మా ఆఫీసరుగారు సంతకం చేసిచ్చారండి. పెట్టే ముందు ఇంకో నాలుగు వరదల కొలతలిచ్చి చూశాను. అన్నిటికీ సరిగానే మోగింది. అయినా పెట్టడానికి చెయ్యి రావట్లేదు. ఏడు లంకల జనం దాన్నే నమ్ముకుని ఉన్నారు. నాకు భయం పోలేదు మాస్టారూ. భయం పోవడానికి కదండీ మీరు ఇదంతా చేయించింది?”

 ఎన్నేళ్ళదో అలవాటు తప్పి, ఆవేళ మాస్టారు పని చెప్పలేదు.

“చయనులు నా పక్క కుర్చీలోనే కూర్చునేవాడమ్మా. ఆ ప్రోగ్రాము రాసి, ఒకసారి చూడరా అని నా చేతికే ఇచ్చాడు. నేను కాఫీ తాగుతూ చదివి, బాగుందని సంతకం పెట్టాను.”

ఆయన తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి దానివైపు చూసుకున్నారు.

“ఆవేళ నాకు ఏ భయమూ లేదు.”