సగం లెక్క, సగం తోక

ఆ మామిడితోటలో చెట్లు వరసల్లో బుద్ధిగా నిలబడతాయి. జంతువులకి ఆ బుద్ధి లేదు. పగిలిందని తోటమాలి పారేసిన ట్యాబు బోరు షెడ్డులో దొరికినప్పటి నుంచీ మరీ చెడిపోయాయి. ఛార్జింగు ఎవరు పెట్టేవారని అడక్కండి. మాట్లాడే ఎద్దుని నమ్మేవాళ్ళు ఇదీ నమ్మాలి.

ఆ ట్యాబులో కప్ప ఆట ఒకటుంది. తెర మీద రెండంకెలు మెరుస్తాయి. మొదటిదాన్ని బట్టి పక్కకి, రెండోదాన్ని బట్టి పైకి లెక్కపెట్టి ఆ గడి నొక్కితే కప్ప గెంతి ఈగని మింగుతుంది. ఆలస్యమైతే పామొచ్చి కప్పనే మింగుతుంది.

కోడి టకటకా పొడిచేది. నక్క అంతకన్నా జోరుగా కొట్టేది. ఎద్దు గిట్ట ఎత్తేలోపే కప్ప చచ్చేది.

"మావా, నీ పుణ్యాన పాముకి ఒళ్ళొచ్చింది," అంది నక్క.

"రానీ అల్లుడూ. దానికీ ఆకలుంటుంది."

కోడికి ఆ ఆట ఇంటిపనికీ అక్కరకొచ్చింది. గుడ్లు ఎక్కడున్నాయో చెప్పకపోతే ఎద్దు మేస్తూ తొక్కేస్తుంది. అందుకని షెడ్డు దగ్గర్నుంచి పక్కకి ఎన్నో వరస, లోపలికి ఎన్నో చెట్టు లెక్కేసి, "మావయ్యా, రెండు, నాలుగు. అటు రాకు," అని కేకేసేది. ఎద్దు తొక్కేది కాదు. నక్క తినేసేది. ఆట అదీ నేర్చుకుందిగా మరి.

"ఈసారన్నా పిల్లల మొహం చూడకపోతే నేనీ తోటలో ఉండను మావయ్యా," అని ఏడ్చింది కోడి.

ఇంతలో ఆటలో రెండో మెట్టు వచ్చింది. అక్కడ ఎక్స్, వై అని అక్షరాలుంటాయి. వాటి వెనక అంకెలు దాక్కుంటాయి, లెక్కకట్టి బయటికి లాగాలి. నక్కకి అంత ఓపికేదీ? సమానం గుర్తు పక్కన ఏ అంకె కనిపిస్తే అదే కొట్టేది. కప్ప తప్పు గడిలోకి దూకేది, పాము గుటుక్కుమనిపించేది.

"కాస్త ఆలోచించు మరిదీ," అంది కోడి.

"ఆలోచించేలోపు ఈగ ఎగిరిపోద్ది వదినా. అక్షరాలు బడికెళ్ళేవాళ్ళకి. మనదంతా చేతివాటం."

మర్నాడు కోడి షెడ్డు పైకెక్కి తోటంతా వినబడేలా అరిచింది. "మావయ్యా, గుడ్లు పెట్టాను. ఎక్స్‌కి రెండు కలిపితే అయిదు. వైలోంచి రెండు తీస్తే మూడు. అటు రాకు."

షెడ్డు పక్కన మేస్తున్న ఎద్దు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆలోచనలో పడింది. పొదలోని నక్క "అయిదు, మూడు" అనుకుంటూ లగెత్తింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు. పక్కకి అయిదో వరస, లోపలికి మూడో చెట్టు. ఆకుల్లోకి చూడకుండానే మూతి దూర్చింది.

అక్కడ తోటమాలి కుక్క ముందురోజే ఈనింది. ఆ సంగతి కోడికి తెలుసు, నక్కకి తెలీదు.

"ఎవర్రా నా పిల్లల దగ్గర?" అంది కుక్క. జవాబు వినే ఓపిక దానికీ లేదు.

నక్క షెడ్డు దగ్గరికి కుంటుకుంటూ వచ్చేసరికి తోక సగమే ఉంది. తేలు కుట్టిన దొంగలా మూలుగు మింగుకుంటూ కూర్చుంది.

"తోక పొట్టిదైందేం మరిదీ?" అంది కోడి.

"నువ్వు చెప్పిన చోటికే పోయానే," అని గొణిగింది నక్క.

"నేను చోటు చెప్పలేదు. లెక్క చెప్పాను."

అప్పుడు ఎద్దు ఎత్తిన కాలు మెల్లగా దించి, "అమ్మాయ్, మూడు, అయిదు కదూ?" అంది.

కోడి గిరుక్కున నక్క వైపు తిరిగింది. నక్క రెండు చెవులూ మూసుకుని ఉంది.

"నేనేం వినలేదు వదినా," అంది.

లెక్క సగంలో వదిలేసినవాడికి తోకా సగమే మిగులుతుంది.