కునుకులో పుట్టిన తీర్పు

హేమకూట రాజ్యంలో ప్రధాన న్యాయాధికారి తల ఊపితే అదే తీర్పు. ప్రాణమున్నంతవరకు ఆ పీఠమూ ఆయనదే. ఇప్పుడా పీఠం మీదున్న వృద్ధుడు అనంతశర్మ మధ్యాహ్నపుటెండలో, పావురాల కువకువల మధ్య మెల్లగా కునుకులోకి జారేవాడు. అలా ఊగిన తలతోనే, ఓబుళమ్మ అనే పేదరైతుకు కూడుపెట్టే జొన్నచేను, తనదేనని దావా వేసిన పొరుగువాడి పాలైంది.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చి, ఆ కళ్ళు మూతపడేదాకా ఓపికగా నిలబడింది.

"అయ్యా, తమరిక పీఠం దిగి విశ్రాంతి తీసుకుంటారా?"

తల ఊగింది. సభ గొల్లుమంది.

శర్మ ఉలిక్కిపడి లేచి, సంగతి విని మండిపడ్డాడు. "నిద్రలో ఊగితే తీర్పెలా అవుతుందే?"

"కాదంటే నా చేను నాదే గదా, బాబయ్యా! అవునంటే తమరు ఇంటికి పోవాల."

ఆయన పీఠం మీద నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు.

"చేను నీదే," అన్నాడు, కళ్ళు తెరిచే. ఆపైన తనంతట తానే పీఠం దిగబోతే, ఓబుళమ్మే చేయి అందించింది.