ముద్ర పడ్డ ఏనుగు

నీలాద్రికోట రాజు చిక్కభూపతికి ఒకనాడు ఓ బొమ్మను ముట్టుకోవాలనిపించింది. అంతే, రాజ్యం తలకిందులైంది.

ఆ బొమ్మ కోశాధికారి తిప్పరాజుది. రాజుగారి తాత కాలంలో లింగాచారి చెక్కిన అంబారీ ఏనుగు. ఏడేడు లోకాల్లో అలాంటిది ఇంకోటి లేదు. పక్కన ఈగ వాలినా తిప్పరాజు పెట్టే బొబ్బలకు కోట గోడలు బీటలు వారేవి. కూతురి పెళ్లిలో తలంబ్రాల వేళ కూడా ఆయన ఏనుగునే చూస్తూ కూర్చున్నాడు.

"దూరంగా ఉండండి ప్రభూ! మీ ఊపిరికి రంగు పోతుంది," అన్నాడు సాక్షాత్తూ రాజుతోనే.

రాజుకు ఒళ్లు మండింది. లింగాచారి మనవడు వీరాచారిని పిలిపించి, అచ్చం అలాంటి ఏనుగులే చేసి, కాలికింద రాజముద్ర వేసి ఇంటింటికీ పంచమన్నాడు. చూస్తుండగానే ఊళ్లో మనుషులకంటే ఏనుగులు ఎక్కువయ్యాయి. పిల్లలు వాటికి నీళ్లు పోశారు, గోరుముద్దలు తినిపించారు.

తిప్పరాజు మంచం పట్టాడు. లేచి వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు.

"ఆ దొంగ బొమ్మల్ని నుగ్గు చేయించండి. వీరాచారిని దేశం నుంచి వెళ్లగొట్టండి. లేదంటే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను!"

రాజు నసిగి, రేపు సభలో తేలుస్తానన్నాడు.

రాజుకు విసనకర్రతో విసిరే మంగతాయి అంతా విన్నది. వీరాచారి భార్యకు నెలలు నిండాయి. ఇప్పుడా ఇల్లు కదిలించడం? విసనకర్ర పడేసి నేరుగా తిప్పరాజు ఇంటికి నడిచింది.

"ఏం ఏనుగు బాబయ్యా! కానీ సంతలో జనం నవ్వుతున్నారు. రాజముద్ర లేదు కాబట్టి మీదే నకిలీదట."

"నాది నకిలీదా!" తిప్పరాజు ఎగిరిన ఎగురుకు ఇంటి పెంకులు లేచిపోయాయి.

"నేనంటానా బాబయ్యా? వాళ్లంటున్నారు."

రాజముద్ర ఉండేది ఆయన చేతికింది ఖజానాలోనే. మంగతాయి ఇంకో మాట మాట్లాడకుండా వచ్చేసింది.

మర్నాడు తిప్పరాజు ఏనుగును పట్టుదిండు మీద ఊరేగిస్తూ సభకు తెచ్చాడు. వీరాచారి చేతులు కట్టుకుని ఓ మూల నిలబడ్డాడు.

"ప్రభూ, కోశాధికారి గారి మాటే న్యాయం," అంది మంగతాయి. "ముద్ర ఉన్నదల్లా నకిలీదే కదా బాబయ్యా?"

"సందేహమా!"

"నుగ్గు చేయాల్సిందేగా?"

"పిండి పిండి!"

మంగతాయి వంటింటి నుంచి తెచ్చిన రోకలి అందుకుని, ఆయన ఏనుగునే తిరగేసింది. కాలికింద రాజముద్ర! రంగు ఇంకా ఆరనే లేదు. రోకలి పైకి లేచింది.

"ఆపవే తల్లీ! అది అసలుది!"

"మరి ముద్ర?"

"నేనే వేశాను."

"ఎందుకయ్యా?" అన్నాడు రాజు.

"అది లేకపోతే... జనం నకిలీదంటున్నారని..."

మంగతాయి రోకలి దించింది.

"ప్రభూ! ఈయనదానిలాంటి ఏనుగులు చేసినందుకు వీరాచారిని దేశం దాటించమన్నారు. వీరాచారివాటిలాంటి ఏనుగును ఈయనా చేశారు. ముందు ఎవరిని పంపిద్దాం?"

రాజు నవ్విన నవ్వుకు కోట పావురాలు పొరుగు రాజ్యందాకా ఎగిరిపోయాయి. తిప్పరాజు ఏనుగును చంకనెత్తుకుని, ఎవరూ పంపకుండానే గుమ్మం దాటాడు. వీరాచారికి ఆస్థాన శిల్పి పదవి దక్కింది. మంగతాయికి రాజు మోచేతుల దాకా బంగారు గాజులు తొడిగించాడు. ఆ మెరుపుకు సభలో సగం మందికి చూపు మందగించింది.