ఉడత ముట్టని ఉట్టి

కనకవీడు రాజుగారికి ఆ యేడు పిట్టల పిచ్చి పట్టుకుంది.

వానాకాలమంతా జ్వరంతో మంచాన పడి లేచారు. వైద్యుడు సభ వద్దన్నాడు, వేట వద్దన్నాడు, పెరటి వసారాలో కూర్చుని గాలి పీల్చుకోమన్నాడు. ఊరికే కూర్చోవడం రాజులకి చేతనవునా? వెడల్పాటి చెక్కపళ్ళెం ఒకటి చేయించి, వేపకొమ్మకి ఉట్టిలా వేలాడదీయించి, అందులో సజ్జలు, నూకలు, వేరుశెనగ గుళ్ళు పోయించారు. ఆశ్వయుజ మాసం. మబ్బులు విడిపోయి ఎండ నెయ్యిలా కాస్తోంది. పిచ్చుకలొచ్చాయి, గోరింకలొచ్చాయి, గుంపుగా చిలకలొచ్చాయి. రాజుగారి ముఖం చేటంతయింది.

వాటి వెనకాలే ఉడతలూ వచ్చాయి.

ఉడత సంగతి చెప్పాలా? తాడు వెంట తలకిందులుగా జారి, పళ్ళెం నడుమ పీట వేసుకున్నట్టు కూర్చుని, రెండు చేతులా గింజ పట్టుకుని కొరుకుతుంది. తోక ఒక్కసారి విదిలిస్తే పిచ్చుకలన్నీ పరారు. తాడుకి ఆముదం రాయిస్తే కొమ్మ మీంచి నేరుగా పళ్ళెంలోకి దూకాయి. కాపలాకి భటుణ్ణి పెడితే పిట్టలు జడిసి రావడం మానేశాయి. ఉడతలు మాత్రం వచ్చాయి.

రాజుగారు విసిగిపోయారు. పెరట్లోనే కొలువు తీర్చి, పిట్టలే తినాలి, ఉడత ముట్టకూడదు అన్నారు. దానికి దెబ్బ తగిలితే రాజమాత అన్నం మానేస్తారు కనుక రాయి విసరకూడదు, వల పన్నకూడదు. చేసి చూపినవారికి తన చేతి కడియం ఇస్తానన్నారు.

ఆస్థాన మాంత్రికుడు భీమలింగం మీసం దువ్వుతూ లేచాడు. ఉడతలకి తన మంత్రం దాకా అక్కర్లేదు, చిటికె చాలన్నాడు. ఒక్క మనవి మాత్రం చేసుకున్నాడు. తను గెలిస్తే, కబుర్లు చెప్పి ఆస్థానం తిండి తింటున్న చిట్టెన్నని కోట దాటించాలట.

చిట్టెన్న రాజుగారికి చిన్ననాటి నుంచీ నర్మసచివుడు, అంటే పక్కనుండి నవ్వించేవాడు. జ్వరంలో రాజుగారు తను కట్టిన తాయెత్తు తీసేసి చిట్టెన్న కథలు విన్నారని భీమలింగానికి కడుపుమంట. ఉడతల మీది చిరాకులో రాజుగారు సరేననేశారు.

నవ్వించడం తప్ప చిట్టెన్నకి మరో విద్య రాదు. కోట బయట నవ్వుకి గింజలు కొలిచేదెవరు?

భీమలింగం పసుపుతాడుతో ఉట్టికి తాయెత్తు కట్టాడు. సాయంత్రానికి ఉడతలు ఆ తాడు కొరికి గూట్లోకి మెత్తగా పరుచుకున్నాయి. మంత్రం పండడానికి ఒక పూట పడుతుందన్నాడాయన.

చిట్టెన్న ఇంటికొచ్చి పెరట్లో చతికిలబడ్డాడు. భార్య నరసాయమ్మకి జరిగిందంతా చెప్పాడు. ఎదురుగా మిరపచెట్టు మీద ఒక రామచిలక పండుమిరపకాయని లడ్డూలా తింటోంది. దాని నోట్లోంచి జారిన ముక్కని ఒక ఉడత కొరికింది. కొరికి, ముక్కు మట్టికేసి రుద్దుకుని, గోడ దూకి పోయింది.

ఇందులో వింతేమీ లేదు. పిట్ట నాలుకకి కారం తెలియదు. ఉడతకీ మనకీ తెలుస్తుంది.

చిట్టెన్న ఒక్క గెంతు గెంతాడు. నరసాయమ్మ ఎండుమిరపకాయలు నూరి నీళ్ళలో కలిపి ఇచ్చింది. ఆ నీళ్ళలో గింజలన్నీ నానబెట్టి, రాత్రంతా ఆరబెట్టి, తెల్లవారగానే ఉట్టిలో పోసి వచ్చాడు. ఉడతలు పస్తుండకుండా గోడవార కారం లేని గుళ్ళు దోసెడు జల్లాడు.

రాజుగారు వచ్చేసరికి పిట్టలు పళ్ళెం నిండా ఉన్నాయి. ఒక ఉడత దూకింది, ఒక గింజ కొరికింది, తుమ్ముకుంటూ గోడవారకి పరుగెత్తింది. మిగతావి దాన్ని చూసి అటే పోయాయి.

రాజుగారు చప్పట్లు కొట్టారు. చిట్టెన్న నోరు తెరిచేలోపే భీమలింగం ముందుకొచ్చాడు. గింజల ఎరుపు ఆయన కంట పడింది. ఎర్రగా ఉన్నదల్లా ఆయనకి కుంకుమే. వాసన చూద్దామా అంటే నస్యం పీల్చి పీల్చి ఆ ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

"ఏలినవారు గమనించాలి. తెల్లవారుజామున మేడ మీంచే ఈ గింజలకి కుంకుమార్చన చేశాను. మంత్రం పండింది. ఏమోయ్ చిట్టెన్నా, మూట సర్దుకున్నావా?"

రాజుగారి చెయ్యి కడియం మీదికి పోయింది. కాదంటే నీ మాటా నా మాటా అని వాదులాటవుతుంది. చిట్టెన్న చేతులు జోడించాడు.

"అర్చన చేసిన గింజలంటే ప్రసాదమే ప్రభూ. ముందుగా మాంత్రికులవారే స్వీకరించాలి."

భీమలింగం పొంగిపోయి గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. అక్కడ ఆగిపోయాడు. ప్రసాదం ఉమ్మితే మహాపాపం. అందరిముందూ మింగక తప్పలేదు.

"కళ్ళనీళ్ళేమిటండీ?" అన్నారు రాజుగారు.

"ఆనంద... బాష్పాలు ప్రభూ."

"మీ ముక్కు కూడా ఆనందిస్తోందే."

చిట్టెన్న వినయంగా మరో దోసెడు పట్టుకొచ్చాడు. "ఏలినవారి ఆరోగ్యం కోసం ఇంకొక్క గుప్పెడు. కాదనకండి."

భీమలింగం ఆ దోసిలి చూశాడు. వెంటనే పిట్టల నీళ్ళతొట్టి దగ్గరికి పరుగు తీసి మీసాలతో సహా ముఖం ముంచేశాడు. గోరింకలు చుట్టూ చేరి తిట్టిపోశాయి.

"కుంకుమ కాదు ప్రభూ, కారం! ఉత్త కారం!" అన్నాడు తల ఎత్తి.

చిట్టెన్న నెమ్మదిగా అన్నాడు:

"అర్చన చేసినవారికి, దేంతో చేశారో ఇప్పుడా తెలిసింది?"

రాజుగారు నవ్విన నవ్వుకి పళ్ళెంలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. వసారాలో రాజమాత కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. జ్వరం తగ్గాక రాజుగారు అంతలా నవ్వడం అదే మొదలు. కడియం తీసి చిట్టెన్న చేతికి తొడిగి, ఇక కోట దాటాల్సింది భీమలింగమే కదా అన్నారు.

"వద్దు ప్రభూ. నోరు కాలింది చాలు, కొంప కూడా ఎందుకు?" అన్నాడు చిట్టెన్న. "ముందు ఆయనకి చెంబెడు మజ్జిగ ఇప్పించండి."