కంతలో ఇరుక్కున్న నీటిదారి

అనగనగా ఒక అడవిలో, ఎర్రరాళ్ళ గుట్ట కింద, ఒక బొమ్మల గుహ ఉండేది. దాని గోడల నిండా ఆకుల మీద గీసిన బొమ్మలే. పండ్లు ఎక్కడ కాశాయి, పులి ఎటు తిరుగుతోంది, నీళ్ళు ఎక్కడున్నాయి, ఏది కావాలన్నా జంతువులన్నీ అక్కడికే వచ్చి చూసుకునేవి. ఒకసారి నక్క నోటిమాట నమ్మి సగం అడవి ఊబిలో దిగబడింది. అప్పటినుంచి గోడ మీద లేని దారిని అందరూ నమ్మడం మానేశారు.

ఆ గుహ యజమాని గుబురయ్య అనే ఎలుగుబంటి. బొమ్మలు చూసేవాళ్ళకు ముందు వాకిలి. బొమ్మలు తెచ్చేవాళ్ళకు మాత్రం గుట్ట వెనకాల ఒక కంత. ఆకును కంతలో వేస్తే జారుకుంటూ పోయి లోపల పడాలి. పక్కనే చిన్న చీలిక ఉంది. దాని వెనక ఒక గోరింక కూర్చుని, బయటివాళ్ళు అడిగినదానికి జవాబులు చెప్పేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగులు ఎండిపోయాయి. అలాంటి సమయంలో ముళ్ళమ్మ అనే ఏదుపందికి గుట్ట అవతల ఒక ఊట కనబడింది. చల్లటి, తియ్యటి నీళ్ళు! ముళ్ళమ్మ పరుగున వచ్చి పొరుగున ఉన్న కుందేలుతో చెప్పింది. కుందేలుకు ముగ్గురు పిల్లలు. దాహంతో వాటి నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి.

"గోడ మీద ఉందా అక్కా?" అని అడిగింది కుందేలు.

"ఇంకా లేదు."

"అయితే నేను రాలేనక్కా. పిల్లలతో మళ్ళీ ఊబిలో పడలేను."

ముళ్ళమ్మకు జాలేసింది. వెంటనే ఒక ఆకు తీసుకుని, ఊడిన తన ముల్లుతోనే ఊటకు దారి గీసింది. అంతటితో అయిందా? లేదు. ఆకు తొడిమకు గడ్డిపోచ కట్టి, దానికి ముప్పై ముడులు వెయ్యాలి. నీటికి ఒక ముడి, నీడకు ఒక ముడి, రాయికి ఒక ముడి. ఆ ముడులను బట్టే బొమ్మ ఏ గోడకు పోవాలో లోపల తెలుస్తుంది. పొట్టి వేళ్ళతో ముప్పై ముడులు వేసేసరికి ముళ్ళమ్మకు తల ప్రాణం తోకకు వచ్చింది.

ఆకును కంతలో వేసింది. అది సర్రున జారింది. దాదాపు అంతా లోపలికి పోయింది. చివర తొడిమ దగ్గర ఆగిపోయింది. నెడితే పోదు, వదిలితే కదలదు.

"ఏమండీ, బొమ్మ ఆగిపోయింది" అంది ముళ్ళమ్మ.

గోరింక తియ్యగా చెప్పింది: "మా వైపు అంతా సవ్యంగానే ఉంది. లోపం మీ వైపే. చేతులు కడుక్కుని మళ్ళీ ప్రయత్నించండి."

ముళ్ళమ్మ ఆకును వెనక్కి లాగింది. ఆకు చిరిగింది. ముప్పై ముడులూ ఊడిపోయాయి! అయినా ఓర్చుకుంది. ఎండుతున్న బురదగుంటలో మిగిలిన రెండు చుక్కలతో చేతులు కడుక్కుంది. ఇంకో ఆకు గీసింది. మళ్ళీ ముప్పై ముడులు వేసింది.

రెండోసారి ఆకు కంటికి కనబడకుండా లోపలికి పోయింది. "అమ్మయ్య!" అనుకుంది ముళ్ళమ్మ. మర్నాడు కుందేలును వెంటబెట్టుకుని ముందు వాకిలికి పోయింది. గోడంతా వెతికారు. ఊట బొమ్మ లేదు. కుందేలు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. అది ముళ్ళమ్మను ఎక్కువ బాధపెట్టింది.

"నా బొమ్మ ఏమైంది?" అని చీలిక దగ్గర గట్టిగా అడిగింది.

"మీ మాట మాకెంతో విలువైనది. మూడు రోజుల్లో చూస్తాం" అంది గోరింక.

మూడు రోజులు గడిచాయి. ఎవరూ చూడలేదు. కుందేలు చిన్నపిల్ల లేచి నిలబడలేకపోతోంది. ముళ్ళమ్మ మూడో ఆకు గీసి పట్టుకొచ్చింది. కంతలో పెట్టకముందే గోరింక ముడులు చూసి ఆపేసింది.

"ఇలాంటి బొమ్మ మీరు ఇదివరకే వేశారు. ఒకే బొమ్మ రెండుసార్లు తీసుకోం."

"వేశాను తల్లీ! అది గోడ మీద ఉందా?"

"లేదు."

"మరి ఇది తీసుకో!"

"ఒకే బొమ్మ రెండుసార్లు తీసుకోం."

"పోనీ, ముందు వాకిలి నుంచి నేనే తెచ్చి చేతికిస్తాను."

"చేత్తో తీసుకోం. కంతలోంచే రావాలి."

ముళ్ళమ్మకు ఒళ్ళు మండింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "యజమానిని పిలువు! కంతలో ఏదో అడ్డం పడింది. ఒక్కసారి బయటికి వచ్చి చూడమను!" అని అరిచింది.

లోపలినుంచి గుబురయ్య గొంతు బద్ధకంగా వినబడింది. "ఇక్కణ్ణుంచి నా కంటికి బాగానే ఉంది. ఎండలో బయటికెందుకు? పంపెయ్."

గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయమే అనిపించింది ముళ్ళమ్మకు. ఆకు ఒళ్ళో పెట్టుకుని కంత ముందే కూలబడింది.

ఎవరిదాకా వస్తే వాళ్ళకు తెలుస్తుందంటారు కదా. మర్నాటికి గుహలో గుబురయ్య తాగే నీటిగుంట కూడా ఎండిపోయింది. అతను గోడంతా వెతికాడు. ఎండిపోని నీళ్ళ బొమ్మ ఒక్కటీ లేదు. కొత్త బొమ్మ ఏదైనా వచ్చిందేమోనని దాహంతో రొప్పుతూ గుట్ట వెనక్కి వచ్చి, ముళ్ళమ్మ దగ్గరున్న ఊట దారి చూశాడు.

"నీళ్ళ దారి ఉంటే వెయ్యకుండా ఇక్కడ కూర్చున్నావేం? ఇలా ఇవ్వు! ఇంత చిన్నపనికి ఇంత గోలా?" అని ముళ్ళమ్మ చేతిలోని ఆకు లాక్కున్నాడు.

కంతలో వేశాడు. అది తొడిమ దగ్గర ఆగిపోయింది. నెట్టాడు. కదల్లేదు. గుద్దాడు. కదల్లేదు.

"మా వైపు అంతా సవ్యంగానే ఉంది" అంది చీలిక వెనక గోరింక. "లోపం మీ వైపే. చేతులు కడుక్కుని మళ్ళీ ప్రయత్నించండి."

"ఏయ్, నేనే! గుబురయ్యను!"

"మీ మాట మాకెంతో విలువైనది. మూడు రోజుల్లో చూస్తాం."

"మూడు రోజులకు నేను చస్తానే! ఏ నీళ్ళతో కడుక్కోమంటావు?" అని గుబురయ్య గావుకేక పెట్టాడు.

ఆ మాట తన నోటే వచ్చాక అతను ముళ్ళమ్మ వైపు చూశాడు. అతను తల దించుకుని లోపలికి పోయి, కంతలో భుజం దాకా చెయ్యి దూర్చాడు. మలుపులో ఏదో జిగటగా తగిలింది. బయటికి లాగితే అది తేనెపట్టు! చల్లగా ఉంటుందని వసంతంలో తనే దాచి మరిచిపోయాడు. దాని వెనక బోలెడు ఆకులు అతుక్కుని ఉన్నాయి. తాబేలువి, వడ్రంగిపిట్టవి, ఇంకా ఎవరెవరివో. అందరూ చేతులు కడుక్కుని, కడుక్కుని, విసిగి వెళ్ళిపోయినవాళ్ళే.

ఊట బొమ్మ గోడెక్కింది. అడవి అంతా గుట్ట అవతలికి కదిలింది. ముందు కుందేలు పిల్లలు తాగాయి. చిన్నపిల్ల కడుపునిండా తాగి, లేచి నిలబడి, తల్లి చెవి కొరికింది. అది చూశాకే ముళ్ళమ్మ ముళ్ళు కిందికి వాలాయి.

అందరికన్నా వెనక గుబురయ్య వచ్చాడు. తేనె కారుతున్న చేతులతో నీళ్ళ మీదికి వంగాడు.

"ఆగు" అంది ముళ్ళమ్మ. "ముందు చేతులు కడుక్కో."

గుబురయ్య పక్కకు పోయి చేతులు కడుక్కున్నాడు. ఆ మర్నాటినుంచి రోజూ పొద్దున్నే ఎండలోకి వచ్చి, బయటినుంచి తనే ఒక ఆకు వేసి చూసేవాడు.

నీతి: లోపం ఎదుటివాళ్ళదే అనేముందు, ఒక్కసారి వాళ్ళు నిలబడ్డ చోట నిలబడి చూడాలి.