డేగకీ శభాషే అన్న ట్యాబ్

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వెదురు పొద. ఆ పొద కింద ఒక అడవికోడి కాపురముండేది. దాని పేరు జొన్నమ్మ. జొన్నమ్మకు మూడు పిల్లలు. పెద్దది గింజ, రెండోది తవుడు, అన్నిటికంటే చిన్నది నూక. మూడూ కలిపితే పిడికెడు కూడా ఉండవు గానీ, అల్లరి మాత్రం అడవంతటికీ సరిపడా!

"అమ్మా, ఆకలి!" అంటుంది గింజ.

"అమ్మా, గింజ నన్ను తొక్కింది!" అంటుంది తవుడు.

"అమ్మా, ఆకాశం కింద పడిపోదేం?" అంటుంది నూక.

పొద్దు పొడిచింది మొదలు ఇదే గోల. పాపం, జొన్నమ్మ మట్టిస్నానం చేసి ఆరు రోజులైంది. కోళ్ళకు మట్టిలో పొర్లడమే స్నానం కదర్రా! ఒళ్ళంతా ఒకటే దురద. గోక్కుందామంటే తీరికేదీ?

ఉండబట్టలేక ఒకరోజు కోతి గెంతులయ్య దగ్గరికి వెళ్ళింది. గెంతులయ్యకు అడవి అంచున కొట్టు ఉంది. అందులో దొరకని వస్తువు లేదు.

"ఇంత మాత్రానికే ఏడుపెందుకు జొన్నక్కా?" అన్నాడు గెంతులయ్య. "ఇదిగో, పిల్లల ట్యాబ్! పసివాళ్ళ కోసమే చేసింది. చుట్టూ రబ్బరు అంచు చూశావా? పడేసినా పగలదు, తొక్కినా నలగదు. ముక్కుతో పొడిస్తే చాలు, పురుగులు చిక్కుతాయి, డేగలు పేలిపోతాయి. ఆటకు ఆట, చదువుకు చదువు!"

"మరి ఆపాలంటే ఎలా నాయనా?"

"ఈ మూల మీద మూడుసార్లు పొడిస్తే సరి. టక్, టక్, టక్. వెంటనే నోరు మూసుకుంటుంది."

జొన్నమ్మ ఎగిరి గంతేసింది. అత్తిపళ్ళు ఇచ్చి, ట్యాబ్‌ను ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చింది.

ట్యాబ్‌లో ఒక పురుగు కదిలింది. గింజ పొడిచింది. "శభాష్!" అంది ట్యాబ్. మూడు పిల్లలూ అదిరిపడ్డాయి. తర్వాత ఒక డేగ ఎగిరొచ్చింది. నూక పొడిచింది. టప్! డేగ బుడగలా పేలిపోయింది. "శభాష్! శభాష్!" అంది ట్యాబ్. నూక సంతోషం పట్టలేక పిల్లిమొగ్గ వేసింది.

ఆ తర్వాత చప్పుడు లేదు. ఆకలి లేదు, తొక్కడం లేదు, ఆకాశం గొడవ అసలే లేదు. జొన్నమ్మ ఒక్క ఉరుకున మట్టిగుంటలో దూకింది. కాళ్ళు పైకెత్తి, రెక్కలు టపటపలాడించి, "అమ్మయ్య! అమ్మయ్యయ్య!" అంటూ పొర్లింది.

పక్కనే కౌజుపిట్ట కంకమ్మ కూడా పొర్లుతోంది. "వదినా, పిల్లలేరీ?" అని అడిగింది.

"చదువుకుంటున్నారు!" అంది జొన్నమ్మ గొప్పగా.

మొదటిరోజు కాసేపే అనుకుంది. రెండోరోజు ఇంకాసేపు అనుకుంది. మూడోరోజు అనుకోవడం కూడా మానేసింది.

ఇలా ఉండగా ఒక పొద్దున వాన కురిసి నేల మెత్తబడింది. జొన్నమ్మ కాళ్ళతో నేల గీకి, "టుక్ టుక్ టుక్" అని పిలిచింది. రండర్రా, తిండి దొరికింది అని దాని అర్థం. గింజ బద్ధకంగా వచ్చి లావుపాటి వానపామును ఒక్క పోటు పొడిచింది. పొడిచి, తలెత్తి నిలబడిపోయింది.

"అలా చూస్తావేమే? మింగు!" అంది జొన్నమ్మ.

"ఉండమ్మా, ముందు శభాష్ అననీ!"

వానపాము శభాష్ అంటుందా? మట్టిలోకి సర్రున జారుకుంది. జొన్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు సాయంత్రం "ఇక చాలు, పడుకోండర్రా" అని కేకలేసింది. తవుడు గునగునా నడిచొచ్చి తల్లి రెక్క కొసన పొడిచింది. టక్, టక్, టక్.

"ఏం చేస్తున్నావే?"

"నిన్ను ఆపుతున్నానమ్మా. ఆగవేం? పాడైపోయావా?"

మట్టిగుంటలో ఈ సంగతి చెబితే కంకమ్మ ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, ఠక్కున ఆగింది.

"వదినా, నవ్వొస్తోంది గానీ భయమూ వేస్తోంది. పిల్లలకు డేగ కూత నేర్పావా?"

డేగ కూత అంటే ఏంటో తెలుసా? ఆకాశంలో డేగ కనబడగానే తల్లికోడి "కర్ర్ర్ర్!" అంటుంది. అంతే! నోట్లో మేత నోట్లోనే ఉంచి, ఎక్కడి పిల్ల అక్కడినుంచి పరుగెత్తి తల్లి రెక్క కింద దూరాలి. కోడిపిల్లకు అదే మొదటి చదువు.

జొన్నమ్మ ముఖం చిన్నబోయింది. కానీ మట్టి చూస్తే వెచ్చగా ఉంది. "రేపు నేర్పిస్తాలే వదినా. ఇంకా ఎడమ రెక్కకు మట్టి అంటనేలేదు" అంది.

ఆ రేపు రానే వచ్చింది. జొన్నమ్మ నేర్పేలోపే డేగ కూడా వచ్చింది.

జొన్నమ్మ మట్టిగుంటలో వెల్లకిలా పడి ఉంది. కళ్ళ ముందు నుంచి నీడ ఒకటి జారిపోయింది. దాని పై ప్రాణాలు పైనే పోయాయి. "కర్ర్ర్ర్! కర్ర్ర్ర్ర్!" అని గొంతు చించుకుంది.

పిల్లలేమో పొద బయట, ఎండలో, ట్యాబ్ చుట్టూ ఉన్నాయి. "కొత్త పాటలా ఉందే!" అని గింజ ట్యాబ్‌లోకి చూసింది. "అమ్మ గొంతులా లేదూ?" అంది తవుడు. నూక ఒక్కటే తలెత్తి పైకి చూసింది. దాని కళ్ళు మెరిశాయి.

"అబ్బో! ఎంత పెద్ద బొమ్మో! ఇది నాది, నేనే పొడుస్తా!" అంటూ రొమ్ము విరుచుకుని ముందుకొచ్చింది. "రావే డేగా, రా! ఒక్క పోటుకు టప్‌మంటావు!"

డేగ బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక పారిపోయే కోడిపిల్లల్నే చూసింది గానీ, రమ్మని పిలిచేదాన్ని చూడలేదు. "ఇందులో ఏదో మోసముంది" అనుకుని గాల్లోనే ఒక్క క్షణం తటపటాయించింది.

ఆ ఒక్క క్షణం చాలు జొన్నమ్మకు. పరుగెత్తిందో, ఎగిరిందో, దొర్లిందో దానికే తెలియదు. నూకను పొట్ట కిందికి లాక్కుంది. గింజను ఒక రెక్క కింద, తవుడును ఇంకో రెక్క కింద కప్పేసింది. డేగ దబ్బున పడింది. ఒక కాలితో జొన్నమ్మ తోక పట్టుకుంది. రెండో కాలు సరిగ్గా ట్యాబ్ మీద వేసింది.

"శభాష్!" అంది ట్యాబ్. "ఎంత బాగా ఆడావు! ఇంకొకటి పట్టు!"

ఉలిక్కిపడింది డేగ. ఈ చెక్కలో ఎవరున్నార్రా బాబూ అని బెదిరిపోయి, మూడు తోక ఈకలతో సరిపెట్టుకుని ఆకాశానికి లేచిపోయింది.

పొట్ట కింద నుంచి నూక తల బయట పెట్టింది. "అమ్మా, నీ గుండె అంత గట్టిగా కొట్టుకుంటోందేం?"

"భయమేసిందే నా తల్లీ."

"మరి ఆ డేగ టప్‌మనలేదేం?"

"నిజం డేగ పేలదమ్మా. తినేస్తుంది."

ఆ మాట అన్నాక జొన్నమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ట్యాబ్ వంక చూసింది. "నా బిడ్డ పొడిచినా శభాషే. నా బిడ్డను తినడానికొచ్చినదానికీ శభాషే! దీనికేం తెలుసు పాపం, ఎవరు మనవాళ్ళో, ఎవరు పైవాళ్ళో? తెలిసినదాన్ని నేను. నేనేమో మట్టిలో పొర్లుతూ కూర్చున్నాను."

కోపంకొద్దీ ట్యాబ్‌ను ఎడాపెడా తొక్కింది. నలిగితేగా! గెంతులయ్య ముందే చెప్పాడు కదా. తొక్కిన కొద్దీ అది శభాష్ శభాష్ అంటూనే ఉంది. ఆఖరికి జొన్నమ్మకే నవ్వొచ్చింది. ఈకలూడిన తోకతో పిల్లల మధ్యకొచ్చి చతికిలబడింది.

"సరే, ఆడండి. ఇవాళ నేనూ ఆడతాను. నేను కర్ర్ర్ర్ అనగానే అన్నీ వదిలేసి నా రెక్కల కింద దూరాలి, సరేనా?" అంది.

ట్యాబ్‌లో డేగ ఎగిరొచ్చింది. నూక ముక్కు ఎత్తింది. "కర్ర్ర్ర్!" అంది జొన్నమ్మ. నూక ముక్కు దించింది. మూడు పిల్లలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ అమ్మ రెక్కల కింద దూరిపోయాయి.

"అయ్యో! ఓడిపోయారు!" అంది ట్యాబ్.

రెక్కల కింద నుంచి ఒకటే కిచకిచలు. "ఓడిపోయాం! ఓడిపోయాం!" అని గింజ, తవుడు అరిచాయి.

"అమ్మా, మళ్ళీ ఓడిపోదామా?" అంది నూక.

నీతి: శభాష్ అని బొమ్మయినా అంటుంది, ఆపదలో రెక్క చాచేది అమ్మే, అందుకే పిల్లలకు ఏ ఆటవస్తువు ఇచ్చినా, పక్కన మనమూ కూర్చోవాలి.